ఒకే ఇంటిపేరున్న ఆటగాళ్ళు

దోహాలో ఉన్నప్పుడు నేను అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళ కార్డులు పోగుచేశానంటే ఇక్కడ కాకినాడలో చాలామంది నవ్వుతారు. నవ్వనివాళ్ళు ఎందుకని అడుగుతారు. ఎందుకో నాకూ సరిగా తెలియదు. ఆ ఆట నేను ఒక్కసారి కూడా మొదటినుంచి చివరిదాకా చూడలేదు. ఈమధ్య అలమరలోంచి పాత డైరీలు తీసి ఆ రోజుల పేజీలు మళ్ళీ చదివాను. ఏ శుక్రవారం ఏ కార్డు దొరికిందో, ఎవరు ఏమన్నారో వరసగా రాసి ఉంది. అంతా చదివాక కూడా ఆ సంగతి నాకు అప్పుడెంత అర్థమైందో ఇప్పుడూ అంతే అర్థమైంది.

ప్రపంచ కప్పు కోసం ఊరంతా తవ్విపోసిన కాలం అది. అల్ ముంతజాలో మా ఫ్లాటు నుంచి కూరగాయలకు వెళ్ళే దారి వారం తిరిగేసరికి ఉండేది కాదు. ఎర్రటి ప్లాస్టిక్ దిమ్మెలు అడ్డంగా పెట్టి, బాణం గుర్తు ఇంకోవైపు చూపించేవారు. ఒక శుక్రవారం ఉదయం ఆ బాణాలను నమ్ముకుని నేనూ మా ఆవిడా నడిచి నడిచి ఎక్కడో పాశ్చాత్యులుండే కాంపౌండు గేటు ముందు తేలాం. లోపల ఒక కుటుంబం దేశం వదిలి వెళ్ళిపోతూ సామాన్లు అమ్ముకుంటోంది. మా ఆవిడ ఒక గుండ్రటి బిస్కెట్ల డబ్బా పట్టుకుని వదల్లేదు.

"జంతికలు పోసుకోడానికి బాగుంటుందండీ. మూత గట్టిగా ఉంది."

మూత ఎంత గట్టిగా ఉందంటే అక్కడ ఎవరికీ రాలేదు. ఇంటికొచ్చి చెంచా వెనకభాగంతో ఎత్తితే లోపల అరచేతిలో పట్టేంత అట్టముక్కలు కుక్కి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో మగమనిషి బొమ్మ. తలమీద టోపీ, భుజం మీద కర్ర. రంగులు వెలిసిపోయి, మూలలు అరిగిపోయి, కొన్నిటి వెనక ఏదో జిగురు మరక; పూర్వం వీటిని బబుల్‌గమ్‌తో కలిపి అమ్మేవారని తర్వాత తెలిసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా తియ్యటి వాసన వస్తోంది.

"ఎవరండీ వీళ్ళు? మిఠాయి కొట్టువాళ్ళా?" అంది మా ఆవిడ.

మరుసటి శుక్రవారం తిరిగి ఇచ్చేద్దామని వెళ్తే ఆ ఇంటికి తాళం వేసి ఉంది. ఇక అవి మా ఇంట్లో ఉండిపోయాయి. డబ్బా జంతికలకు పోయింది. కార్డులు నా బల్ల మీదకు చేరాయి.

నా ఉద్యోగం కాగితాలు సర్దడం. లుసైల్‌లో కట్టడాలు కడుతున్న ఒక కంపెనీలో క్యాంపుల వ్యవహారాలు, పనివాళ్ళ సెలవులు, పాస్‌పోర్టులు చూసే విభాగంలో చాలాకాలం పనిచేశాను. కాగితం ఏదైనా సరే, ఏదో ఒక వరసలో పెట్టందే నాకు నిద్ర పట్టదు. ఈ కార్డుల్ని ఏ వరసలో పెట్టాలి? కర్ర కుడివైపు పట్టినవాళ్ళు, ఎడమవైపు పట్టినవాళ్ళు అని చూశాను. కుదరలేదు. వెనకవైపు అంకెలు చూశాను. బ్యాటింగు సగటు అని ఉంది గాని, లెక్క కడితే పదిసార్లలో ఏడుసార్లు విఫలమైనవాణ్ణి గొప్పవాడని రాస్తున్నారు. క్రికెట్ చూసి పెరిగిన నాకు అది అచ్చుతప్పు అనిపించింది. చివరికి మనవాళ్ళం ఏ జాబితా అయినా ఎలా రాస్తామో అలాగే రాశాను. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు.

అలా రాసేసరికి ఒకే ఇంటిపేరుతో ఇద్దరేసి, ముగ్గురేసి కనపడ్డారు. ఒక జతను పక్కపక్కన పెట్టి చూస్తే దవడలు ఒకేలా ఉన్నాయి. ఇంకో జతకు చెవులు. అన్నదమ్ములు. అన్న మొహంలో బరువు, తమ్ముడి మొహంలో కొంచెం కులాసా. ఎవరు పెద్దో పుట్టిన సంవత్సరం చూసి తెలుసుకుని, పారదర్శకమైన జేబులున్న ఒక ఆల్బమ్ కొని, అన్న ఎడమవైపు, తమ్ముడు కుడివైపు వచ్చేలా పెట్టాను. ఒకే వృత్తిలో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరికీ అచ్చయిన బొమ్మ. చూడటానికి బాగుండేది. జతలేని కార్డులకు జత కోసం ఇంటర్నెట్‌లో వెతికి పాతవి, చిరుగులున్నవి, ఎవరూ కొననివి తెప్పించుకోవడం మొదలుపెట్టాను. పోస్టాఫీసు పెట్టెలో కవరు కనిపిస్తే ఆ రోజు డైరీ మొదటి వాక్యం దాని గురించే ఉండేది.

మా ప్రాజెక్టు మేనేజరు అమెరికా మనిషి. నెమ్మదస్తుడు, అరవైకి దగ్గర పడ్డవాడు. నన్ను నా ఇంటిపేరుతో పిలిచేవాడు, పాస్‌పోర్టులో అదే ముందుంది కాబట్టి. మొదట్లో సరిదిద్దుదామనుకున్నాను గాని, అప్పటికే ఆఫీసంతా అలాగే పిలవడం అలవాటైపోయింది. ఒకరోజు భోజనాల వేళ నేను ఒక కవరు విప్పుతుంటే ఆయన వెనకనుంచి చూసి నిలబడిపోయాడు.

"ఇది నీ దగ్గరికి ఎలా వచ్చింది?"

డబ్బా కథ చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏ దేశం కప్పు గెలుస్తుందా అని వాదించుకుంటుంటే, ఆయన ఒక్కో కార్డు అంచులు పట్టుకుని ఎత్తి చూశాడు. తనూ చిన్నప్పటినుంచి కార్డులు పోగుచేస్తున్నాడట. అందులోనూ అన్నదమ్ములవే. తన దగ్గర ఉన్నవి ఇక్కడికే తెచ్చుకున్నాడట.

"నువ్వు కూడా అన్నదమ్ములనే ఎందుకు ఎంచుకున్నావు?" అన్నాడు.

"ఎంచుకోలేదండీ. ఇంటిపేర్లు రాస్తే వాళ్ళే వచ్చారు."

ఆయనకు అది అర్థం కాలేదు. శుక్రవారం ఆల్బమ్ తీసుకుని తన ఇంటికి రమ్మన్నాడు. వెళ్ళాను. మొదటి పేజీ చూసి తల ఊపాడు. రెండో పేజీ చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు. నాలుగో పేజీ దగ్గర ఆగి, ఒక జత మీద వేలు పెట్టాడు. ఒకాయన నల్లగా ఉంటాడు, ఒకాయన తెల్లగా ఉంటాడు.

"వీళ్ళు అన్నదమ్ములని నీకు ఎవరు చెప్పారు?"

"ఇంటిపేరు ఒకటే కదా."

"ఒకరు నల్లవారు. ఒకరు తెల్లవారు."

"మా ఇంట్లో మా అన్నయ్య మా అమ్మ చాయ. నేను చూస్తున్నారుగా, ఇలా."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడేమో అనుకున్నాను, కాదు. ఇబ్బంది పడుతున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పూర్వం వాళ్ళ దేశంలో బానిసలుగా ఉన్నవారికి చాలాచోట్ల యజమాని ఇంటిపేరే వచ్చేదట. స్వేచ్ఛ వచ్చాక కూడా అదే పేరు మనవళ్ళదాకా నడిచిందట. కాబట్టి ఇంటిపేరు కలిస్తే కుటుంబం కలిసినట్టు కాదు. పైగా కొన్ని ఇంటిపేర్లు అక్కడ ఎంత మామూలంటే, ఒకే వీధిలో నలుగురికి ఉన్నా ఒకరికొకరు ఏమీ కారు.

నేను దిమ్మెరపోయాను. మా వైపు ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం అయితే ఎక్కడో వంద మైళ్ళ అవతల పుట్టినా అన్నదమ్ముల కిందే లెక్క. పెళ్ళి సంబంధం కలుపుకోరు. ఇంట్లో ఎవరైనా పోతే మైల పడతారు. ఇంటిపేరు ఇంటినుంచి రాకుండా, ఆ ఇంటివాళ్ళచేత వెట్టిచాకిరీ చేయించుకున్నవాడి నుంచి రావడమేమిటో నాకు బోధపడలేదు. కార్డుల వెనక పుట్టిన ఊళ్ళు వేరుగా ఉండటం నేనూ చూశాను. వలస వెళ్ళి ఉంటారులే అనుకున్నాను.

ఆ శుక్రవారం ఆయన నా ఆల్బమ్‌లోంచి సగానికి పైగా జతలు విడదీశాడు. విడదీసిన ప్రతిసారీ "క్షమించు" అనేవాడు. అంతటితో అయిపోలేదు. తన పెట్టెలోంచి ఒక జత తీసి చూపించాడు. ఇద్దరికీ రెండు వేరువేరు ఇంటిపేర్లు.

"వీళ్ళు అన్నదమ్ములు," అన్నాడు.

"ఎలా?"

"ఒకే తల్లీ తండ్రీ. వాళ్ళ పేరు మా అమెరికావాళ్ళకు నోరు తిరగదని పెద్దవాడు మార్చుకున్నాడు. చిన్నవాడు మార్చుకోలేదు."

"ఇంటిపేరు మార్చుకుంటే వాళ్ళ నాన్న ఊరుకున్నాడా?"

ఆయనకు తెలియదు. కార్డు వెనక అది రాయలేదు.

ఆయన పద్ధతి చాలా కచ్చితమైనది. తల్లి ఒకరైనా, తండ్రి ఒకరైనా అయి ఉండాలి. అప్పుడే ఆల్బమ్‌లో చోటు. తండ్రులు అన్నదమ్ములైతే కజిన్లు, వాళ్ళకు వేరే పెట్టె. నేను ఒకటి రెండు శుక్రవారాలు వాదించాను. పెదనాన్న కొడుకు అన్నయ్య కాకుండా ఎలా పోతాడు? ఆయన ఓపిగ్గా విని, "మీ ఊళ్ళో కావచ్చు. ఆట మా ఊరిది," అన్నాడు. అది న్యాయంగానే అనిపించింది. ఆట వాళ్ళది, కార్డులు వాళ్ళవి, మనుషులూ వాళ్ళవాళ్ళే. నా ఆల్బమ్ మొత్తం విప్పి ఆయన పద్ధతిలో మళ్ళీ సర్దాను. సర్దాక అది బాగా పలచబడింది. ఫుట్‌బాల్‌లో అయితే ఒకే తండ్రి కొడుకులు చెరో దేశానికి ఆడతారని మా ఆఫీసులో ఒకతను చెప్పినప్పుడు, ఇక నేను ఏమీ అడగదల్చుకోలేదు.

ఇంట్లో ఈ సంగతి చెప్తే మా ఆవిడ పిండి కలుపుతున్నది కలుపుతున్నట్టే ఆగింది. ఆమెకు సొంత అన్నదమ్ములు లేరు. మా పెళ్ళిలో బావమరిది మర్యాదలన్నీ ఆమె పెదనాన్నగారి అబ్బాయికే జరిగాయి. ఇప్పటికీ రాఖీ ఆయనకే వెళ్తుంది.

"అంటే మీ అమెరికా ఆయన లెక్కలో నాకు పుట్టిల్లే లేదన్నమాట."

"కార్డుల సంగతి చెప్తున్నాను."

"నేనూ అదే అంటున్నాను. మా అన్నయ్యను ఏ పెట్టెలో పడేశారు?"

ఆ రోజు డైరీలో "ఈ విషయం ఇంట్లో మళ్ళీ ఎత్తకూడదు" అని రాసుకున్నాను.

ఇదంతా ఇంకా నా తలలో తిరుగుతుండగానే మా కంపెనీ పనివాళ్ళు ఇద్దరి సంగతి వచ్చింది. ఇద్దరూ జగిత్యాల వైపు పల్లెవాళ్ళు. పెద్దవాడు షట్టరింగ్ మేస్త్రి, చిన్నవాడు అదే సైటులో హెల్పర్. అల్ వుకైర్ దగ్గర క్యాంపులో ఒకే గది, ఒకరిపైన ఒకరి మంచం. చిన్నవాడు క్యాంపులో స్నానాల గది దగ్గర సబ్బునీళ్ళ మీద జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, ఇంటికి పంపమన్నారు. కొన్ని నెలలు కాలు మోపకూడదు. ఒంటరిగా విమానం ఎక్కించడానికి వీల్లేదు, ఎవరైనా తోడు ఉండాలన్నారు.

అప్పుడు కంపెనీలో సెలవులన్నీ ఆపేశారు. కప్పు దగ్గరపడుతోంది, పనులు అప్పజెప్పాలి. ఇలాంటి అవసరానికి తండ్రి, కొడుకు, తోడబుట్టినవాడు ఇక్కడే ఉంటే పంపవచ్చు. లేకపోతే ఒప్పందం ముగిసి వెళ్ళిపోతున్న ఎవరో ఒకరిని తోడు పంపుతారు. అతను హైదరాబాదు విమానాశ్రయంలో దింపి తన దారిన తాను పోతాడు. పెద్దవాడు మా ఆఫీసుకు వచ్చి, బూట్లు బయట విప్పబోతే వద్దన్నాను.

"వేరేటోళ్ళు వద్దు సార్," అన్నాడు. "వానికి సిగ్గెక్కువ. నేను లేవడితెనే లేస్తడు. ఆసుపత్రిల నర్సులు పట్టుకుంటే పాయఖానకు గూడ పోలేదు. నేను డ్యూటీ దిగి వచ్చేదాక బిగవట్టుకొని పండిండు."

"విమానంలో నాలుగు గంటలే కదా."

"హైదరాబాద్‌ల దిగినంక మా ఊరికి ఎంత దూరం సార్? నడుమ ఎన్నిసార్లు ఆపాలె? వాడు నోరు తెరిచి అడగడు. గట్లనే పోతడు, కుట్లు తెగుతయి."

నేను కాగితం తయారుచేశాను. సంబంధం అన్నచోట వాళ్ళు చెప్పింది చెప్పినట్టు సోదరుడని రాశాను. వాళ్ళ తండ్రుల పేర్లు వేరని పాస్‌పోర్టుల్లో ఉంది. అది నాకు తెలుసు, మామూలుగా అది చూసి ఆగేవాణ్ణి కూడా కాదు. కానీ ఆ కొద్ది నెలల శుక్రవారాల తర్వాత అక్కడ నా కన్ను ఆగింది. ఆగినా, మార్చి ఏం రాయాలో తోచక అలాగే తీసుకెళ్ళాను.

సంతకం పెట్టాల్సింది మా మేనేజరే. ఆయన రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టుకుని, కార్డులు చూసినట్టే చూశాడు. పెద్దవాణ్ణి లోపలికి పిలిపించాడు.

"వీళ్ళు అన్నదమ్ములేనా?" అని నన్ను అడిగాడు.

నేను తెలుగులో అడిగాను. "అతను నీకేమవుతాడో సారుకు చెప్పు."

"తమ్ముడు సార్."

"సొంత తమ్ముడా?"

"సొంతం గాకపోతే కిరాయికి తెచ్చుకున్ననా సార్?"

"మీ నాన్న, వాళ్ళ నాన్న..."

"మా బాపు పెద్దోడు. వాళ్ళ బాపు చిన్నోడు. మా చిన్నబాపు కొడుకు. నేనే ఎత్తుకొని తిప్పిన వాన్ని."

అన్నదంతా అన్నట్టే ఇంగ్లీషులో చెప్పాను, ఎత్తుకుని తిప్పడంతో సహా.

"అంటే కజిన్," అన్నాడు మేనేజరు.

"అవునండీ."

"కాగితం మీద బ్రదర్ అని ఉంది."

"అదీ అవునండీ."

ఆయన పెన్ను బల్లమీద పెట్టాడు. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని చూస్తున్నాడు. "నువ్వు నాకంటే బాగా చెప్పగలవు. మన ఆల్బమ్ అయితే వీళ్ళను ఎక్కడ పెడతావు?"

ఆల్బమ్ అయితే ఎక్కడ పెట్టాలో తెలుసు. కష్టపడి నేర్చుకున్నాను. ఎదురుగా నిలబడిన మనిషిని చూస్తే ఆ నేర్చుకున్నది పనికిరావడం లేదు. రెండూ తెలిసి ఉండటం వల్ల ఒక్కటీ గట్టిగా అనలేకపోతున్నాను. అంతకుముందైతే క్షణం ఆలోచించకుండా అన్నదమ్ములేనని చెప్పేవాణ్ణి.

"ఆల్బమ్‌లో అయితే వేరే పెట్టె," అన్నాను. "వాళ్ళ ఊళ్ళో అయితే వేరే పెట్టె లేదండీ."

"నేను ఒక్క కజిన్‌కు సంతకం పెడితే రేపు నలభై మంది కజిన్లు వస్తారు. పని ఎవరు చేస్తారు?"

అదీ నిజమే. ఎంతమంది వచ్చేవారో నాకూ తెలుసు. మేస్త్రి మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు.

"ఏమంటుండు సార్?"

"మీరిద్దరూ అన్నదమ్ములు కాదంటున్నాడు."

"ఎవలు?" అని వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. "మేమా?"

అతను నవ్వాడు. పరాచికమనుకున్నాడు. మేము నవ్వకపోయేసరికి అతని మొహంలో నవ్వు అలాగే కాసేపు ఉండిపోయి, తర్వాత పోయింది. "సార్, పంపకపోతే పంపకపోయిరి. గట్లెందుకు మాట్లాడుతున్నరు?" అన్నాడు, మెల్లగా. అది నేను ఇంగ్లీషులో చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

అప్పుడే మా మందూబ్ లోపలికి వచ్చాడు. మందూబ్ అంటే ప్రభుత్వ ఆఫీసుల్లో కంపెనీ పనులు చక్కబెట్టే మనిషి. సూడాన్ పెద్దాయన, తెల్లటి తలపాగా, ఎప్పుడూ హడావిడి. ఆ రోజు మధ్యాహ్నం లోపల కాగితాలు అందకపోతే టికెట్టు పోతుందని వచ్చాడు. బల్ల మీద పాస్‌పోర్టులు తీసుకుని, తెరిచి, ఇంటిపేరు చూశాడు. ఒకదాన్ని చూశాడు, రెండోదాన్ని చూశాడు.

"బ్రదర్. మాఫీ ముష్కిల్. యల్లా," అన్నాడు, ఇబ్బందేమీ లేదు, పదండి అన్నట్టు.

"తండ్రులు వేరు," అన్నాడు మేనేజరు.

"తండ్రులు ఒకరికొకరు ఏమవుతారు?"

"అన్నదమ్ములు."

మేనేజరు ఇంకా ఏదో చెప్తాడేమోనని మందూబ్ ఎదురుచూశాడు. ఏమీ రాకపోయేసరికి, "మరి?" అన్నాడు.

"నువ్వు ఇంటిపేరు చూసి చెప్తున్నావు," అన్నాడు మేనేజరు. "ఇంటిపేరు కలిసినంత మాత్రాన కుటుంబం కాదు."

"ఇంటిపేరు అందుకు కాకపోతే ఇంకెందుకు?" అన్నాడు మందూబ్. నిజంగా తెలియకే అడిగాడు.

నేను ఆల్బమ్ మొదలుపెట్టిన రోజున ఏ తప్పు చేశానో సరిగ్గా అదే తప్పు ఆయన చేస్తున్నాడు. మేనేజరుకూ అదే గుర్తొచ్చినట్టుంది, నావైపు చూశాడు. నన్నయితే వారాల తరబడి కూర్చోబెట్టి సరిదిద్దాడు. ఈయన్ని సరిదిద్దడానికి సమయం లేదు. మందూబ్ గడియారం చూపిస్తున్నాడు. మేస్త్రి చేతిలో హెల్మెట్ అటూ ఇటూ తిప్పుతున్నాడు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, కిటికీలోంచి బయట క్రేన్లను చూసి, మళ్ళీ కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు.

ఒప్పుకుని పెట్టాడో, విసిగి పెట్టాడో, నాకోసం పెట్టాడో ఇప్పటికీ చెప్పలేను. మేస్త్రి ఆయనకు దండం పెట్టి, బయటికొచ్చాక నన్ను అడిగాడు.

"ఆ ముసలాయన అరబ్బుల ఏమన్నడు సార్?"

"మీరిద్దరూ అన్నదమ్ములేనని."

"ఆయన మా ఊరికి ఎన్నడన్న వచ్చిండా?"

"రాలేదు."

"మరి ఆయనకెట్ల ఎరుక?"

ఆ తర్వాతి శుక్రవారం మామూలుగానే మేనేజరు ఇంటికి వెళ్ళాను. ఏమైనా అంటాడేమోనని చూశాను. ఆయన టీ ఇచ్చి, కొత్తగా వచ్చిన రెండు కార్డులు బల్లమీద పెట్టాడు. ఇద్దరికీ ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు. తండ్రులు అన్నదమ్ములు.

"కజిన్లు. ఆ పెట్టెలో పెట్టు," అన్నాడు.

నేను కార్డులు చేతిలో పట్టుకుని ఆగాను. "మొన్న మీరు సంతకం పెట్టారు కదండీ."

"అది సెలవు కాగితం. సెలవు కాగితంలో కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆల్బమ్‌లో అలా కుదరదు."

ఆయన మనసులో ఏది పెద్ద విషయమో నాకు అంతుపట్టలేదు. మనిషి మంచివాడు, అందులో సందేహం లేదు. కార్డుల్ని ఆ పెట్టెలోనే పెట్టాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ఎవరివి పెట్టారని అడగలేదు, నేను చెప్పలేదు.

వాళ్ళు ఊరు చేరాక మేస్త్రి దగ్గరనుంచి ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. ప్రయాణం బాగా జరిగిందన్నాడు. దారిలో ఆరుసార్లు బండి ఆపించాడట. వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు, చిన్నవాడి తల్లి కాబోలు, "దుబాయ్ సారేనా? మస్తు చేసిండని చెప్పు" అంటోంది. ఖతర్ అని సరిచేద్దామనుకుని ఊరుకున్నాను.

"మీ సారుకు గూడ చెప్పుండ్రి," అన్నాడు మేస్త్రి. "గని నాకొకటి సమజ్ కాలే సార్. ఆ దినం మేము అన్నదమ్ములం కాదన్నడు గదా. మరి నన్ను ఎవలనుకున్నడు?"

"కజిన్ అనుకున్నాడు."

"అంటే?"

"అంటే... అతనికి పెదనాన్న కొడుకువి అని."

"అదే గద సార్ నేను చెప్పింది."

"అవును."

"ఆయన గూడ అదే అన్నడు."

"అవును."

"మరి లొల్లి దేనికయింది?"

ఇది ఒక్క మాటలో తేలేది కాదనిపించింది. మొదటినుంచి చెప్దామని, "అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది," అని మొదలుపెట్టాను. "దానికి బొమ్మల కార్డులుంటాయి. అందులో అన్నదమ్ములవి..."

"ఒక్క నిమిషం సార్. వాడు పిలుస్తుండు. లేవట్టాలె."

ఫోన్ మంచంమీద పెట్టినట్టున్నాడు. గుడ్డల చప్పుడు, మంచం కిర్రుమన్న చప్పుడు, ఇద్దరి ఊపిరీ వినిపించాయి.

"మెల్లగ పట్టు, సిమెంటు బస్త అనుకుంటున్నవా నన్ను?"

"సిమెంటు బస్త నోరు మూస్కొని ఉంటది. చెయ్యి మెడమీద ఎయ్యి."

"ఆ కాలు కాదు, ఆ కాలు కాదు."

"నాకెరుకరా ఏ కాలో. ఎయ్యి చెయ్యి."

తర్వాత నెమ్మదిగా అడుగులు, నేలమీద కర్ర చప్పుడు. తలుపు తీసినట్టున్నారు. మాటలు దూరమయ్యాయి. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను, ఎక్కడిదాకా చెప్పానో గుర్తు చేసుకుంటూ.